వెంట ఉండే చిన్న కత్తి: మోరా, ఇజులా, వంటింటి చాకు, కమ్మరి కత్తి – ఏది మేలు?

రోజూ వెంట ఉంచుకోవడానికి మడత చాకు చాలదా అని అడిగేవాళ్ళు ఎక్కువ. నిజమే, చాలామందికి చాలు. పార్సిల్ కవరు చించడం, దారం తెంపడం వరకే పని అయితే మీరు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. తోటలో, పొలంలో, గోదాములో, వంట పనుల్లో తిరిగేవాళ్ళకి మాత్రం తేడా తెలుస్తుంది. పనస జిగురు, మామిడి సొన, మట్టి అన్నీ మడత చాకు కీలులోకి దూరి కూర్చుంటాయి. ఫ్రాన్సు వాళ్ళ ఒపినెల్ 8వ నంబరు ఎంతో చక్కటి చాకు. కానీ దాని చెక్క పిడి వానకు తడిసి ఉబ్బిందంటే బ్లేడు బిగుసుకుపోయి గోరుతో లాగినా బయటికి రాదు. మడవని కత్తికి కీలే లేదు. ఒక చేత్తో తీయొచ్చు, కుళాయి కింద పెట్టి కడిగేయొచ్చు, తుడిచి ఒరలో పెట్టేయొచ్చు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి నడుముకు ఎప్పటినుంచో ఉన్నది మడవని కత్తే. కీలు బిగుసుకుందని చెట్టు మీద కుస్తీ పట్టే వీలు అతనికి లేదు.

ఆత్మరక్షణ కోసం కత్తి వెతుకుతున్నవాళ్ళకి ఈ వ్యాసంలో ఏమీ దొరకదు. డ్రిప్ పైపు, గోనెసంచి కుట్టు, పురికొస, ప్లాస్టిక్ నవారు, జామకాయ, అప్పుడప్పుడు ఓ పుల్ల చెక్కడం – పోలిక అంతా ఈ పనుల మీదే.

నాలుగు రకాలు తీసుకున్నాను. స్వీడన్‌లోని మోరా ఊరిలో తయారయ్యే మోరాక్నీవ్ వాళ్ళవి రెండు, కంపానియన్, ఎల్డ్రిస్. ఆ ఊళ్ళో ఈ కంపెనీ మూలాలు 1891 నాటివి. రెండోది అమెరికా వాళ్ళ ఈఎస్ఈఈ ఇజులా. పెరూ అడవుల్లో కుడితే ప్రాణం మీదికి తెచ్చేంత నొప్పి పెట్టే ఒక చీమ పేరు దానికి పెట్టారు. మూడోది విక్టోరినాక్స్ పేరింగ్ నైఫ్, అంటే వంటింట్లో కూరగాయల చెక్కు తీసే చిన్న చాకు. దాన్ని ఈ వరసలో పెట్టడం కత్తుల పిచ్చి ఉన్నవాళ్ళకి నచ్చదని తెలుసు. నాలుగోది మన ఊరి కమ్మరి చేత చేయించుకునేది.

మందం దగ్గరే అసలు గొడవ

కత్తి చేతిలోకి తీసుకున్నప్పుడు మందంగా, బరువుగా ఉంటే గట్టి సరుకు అనిపిస్తుంది. కొనేవాళ్ళని పక్కదారి పట్టించేది ఇదే. ఇజులా కోసే అంచు 7 సెంటీమీటర్ల లోపే, వెన్ను (అంచుకి ఎదురు వైపు) మందం మాత్రం దాదాపు 4 మిల్లీమీటర్లు. ఎల్డ్రిస్ బ్లేడు 59 మిల్లీమీటర్లు, మందం 2. కంపానియన్ బ్లేడు 104 మిల్లీమీటర్లు, మందం రెండున్నర. పేరింగ్ నైఫ్ వీటన్నిటికన్నా పల్చన.

పచ్చి మామిడికాయను ఇజులాతో కోసి చూడండి. అంచు ఎంత పదునుగా ఉన్నా సగానికి వచ్చేసరికి వెన్ను అడ్డుపడుతుంది. అక్కడినుంచి కాయ తెగదు, రెండుగా పగులుతుంది. క్యారెట్ అయితే టప్పున విరుగుతుంది. తాడు, పైపు, అట్టపెట్టె లాంటివి పక్కకి జరిగి చోటిస్తాయి కాబట్టి వాటి దగ్గర ఇంత ఇబ్బంది ఉండదు. అదే పచ్చి మామిడి మీద పేరింగ్ నైఫ్ ఎదురు లేకుండా దిగిపోతుంది. దాని తర్వాతి స్థానం ఎల్డ్రిస్‌ది.

మరి ఆ 4 మిల్లీమీటర్లు దేనికి? కత్తి మొనతో పెట్టె మూత లేపడానికి, బిగుసుకున్న కొమ్మ చీల్చడానికి, రాతి సందులో గుచ్చి తిప్పడానికి. ఈఎస్ఈఈ వెనక ఉన్నది అడవిలో బతకడం నేర్పే శిక్షకులు. ఒక్క కత్తితోనే గట్టెక్కాల్సిన పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని చేశారు, విరిగితే కారణం అడగకుండా మార్చి ఇస్తామనే హామీ కూడా ఉంది. ఆ పరిస్థితికి అది సరైన కత్తి. మనం మాత్రం స్క్రూడ్రైవరు, గునపం, పార ఉన్న చోట తిరుగుతాం. మూత లేపడానికి ఒక చెంచా చాలు.

ఉక్కు గురించి ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద వాదనలు నడుస్తాయి. ఈ మూడు కంపెనీల కత్తుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో దాదాపు 55 నుంచి 58 మధ్యే ఉంటుంది. పదును ఎన్నాళ్ళు నిలుస్తుందన్న లెక్కలో, ఎక్కువ డబ్బు పెట్టినందుకు వీటి మధ్య పెద్దగా లాభం రాదు. అసలు తేడా తుప్పులో ఉంది. మోరా రెండింటిలో నేను చెప్పేది 12సీ27 అనే స్టెయిన్‌లెస్ ఉక్కు రకం, విక్టోరినాక్స్‌ది కూడా స్టెయిన్‌లెస్సే. ఇజులా మామూలుగా 1095 అనే కార్బన్ ఉక్కుతో వస్తుంది. పైన పూత ఉంటుంది, కోసే అంచు మాత్రం బట్టబయలే. నిమ్మ, చింత, మామిడి తగిలితే నల్లబడుతుంది. అది పరవాలేదు, మచ్చ మాత్రమే. విశాఖలోనో కాకినాడలోనో చెమట పట్టిన నడుము దగ్గర రోజంతా ఉంటే ఎర్ర చుక్కలు వస్తాయి, అది తుప్పు. రోజూ తుడిచి, చుక్క నూనె రాసే ఓపిక ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. కుట్టుమిషన్ నూనె చాలు. పళ్ళు కోసే కత్తి అయితే కొబ్బరినూనె రాయండి.

సాన పట్టడంలో మోరాలకి తిరుగులేదు. వాటి బ్లేడు రెండు పక్కలా వెడల్పాటి వాలుగా నేరుగా కోసే అంచు దాకా దిగుతుంది. కత్తుల వాళ్ళు దీన్ని స్కాండీ అంటారు. ఆ వాలుని సానరాయి మీద ఆనించి రుద్దితే చాలు, ఏ కోణంలో పట్టాలన్న టెన్షన్ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా సులువైనది లేదు. పేరింగ్ నైఫ్ అయితే పింగాణీ కప్పు అడుగున ఉండే గరుకు అంచు మీద నాలుగుసార్లు లాగినా పనిలోకి వస్తుంది.

ఒర

కొనేటప్పుడు ఎవరూ చూడనిది, కొన్నాక రోజూ విసిగించేది ఒర. కత్తి రోజు మొత్తంలో ఎంతసేపు చేతిలో ఉంటుంది? మిగతా సమయమంతా ఒరలోనే కదా.

కంపానియన్ ఒర ప్లాస్టిక్‌ది, అడుగున నీళ్ళు పోవడానికి రంధ్రం ఉంటుంది, బెల్టుకి క్లిప్పు. పొలానికి ఇది బ్రహ్మాండం. కానీ పిడితో కలిపి కత్తి 22 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బండి ఎక్కినా, కారు సీట్లో కూర్చున్నా తొడ మీదో పక్కటెముక కిందో పొడుస్తూనే ఉంటుంది. రెండు రోజులు పెట్టుకుని మూడో రోజు మోటారు షెడ్డులో మేకుకి తగిలించేస్తారు. అది కత్తి తప్పు కాదు. పని కత్తిగా నాలుగింటిలో అదే ఉత్తమం, ధరలోనూ చవక. అమెరికాలో సుమారు 20 డాలర్ల సరుకు, ఇజులా దానికి మూడు నాలుగు రెట్లు. మన దగ్గరికి వచ్చేసరికి దిగుమతి ఖర్చులు కలిసి అన్నీ పెరుగుతాయి, నిష్పత్తి మాత్రం ఇంచుమించు అదే.

ఎల్డ్రిస్ మొత్తం పొడవు 143 మిల్లీమీటర్లే. ఒరలో ఎటు తిప్పి పెట్టినా టక్కున కూర్చుంటుంది, ఎడమచేతి వాటం వాళ్ళకి ఇది వరం. పిడి బొద్దుగా ఉండి పిడికిలి నిండుతుంది కాబట్టి తడి చేతిలోనూ జారదు. ఆ బొద్దుతనమే జేబులో ఇబ్బంది. ప్యాంటు జేబులో పెడితే ఎత్తుగా కనిపిస్తుంది, తాళంచెవులకి చోటుండదు. మెడలో వేసుకునే తాడుతో కలిపి కూడా అమ్ముతారు. ఫొటోల్లో బాగుంటుంది గానీ పవర్ టిల్లరు, చాఫ్ కట్టరు, తిరిగే బెల్టు ఏదున్నా దాని పక్కన వంగి పనిచేసే మనిషి మెడలో తాడుండటం నాకు ససేమిరా ఇష్టం లేదు. నడుము పక్కన చిన్న పౌచ్‌లో పెట్టుకోండి.

ఇజులా ఈ ఒక్క విషయంలో అందరినీ మించింది. పిడికి రెండు వైపులా ఏ తొడుగూ లేని ఒట్టి ఉక్కు రేకు. బల్లపరుపుగా ఉంటుంది, ప్లాస్టిక్ ఒరతో సహా వెనక జేబులోనో బెల్టు లోపలి వైపునో ఇమిడిపోతుంది, ఉందన్న సంగతే మర్చిపోతారు. అయితే ఆ రేకు పిడితో పావుగంట ఏకధాటిగా పని చేస్తే అరచేయి నొప్పి పెడుతుంది. తాడు చుట్టుకుంటే కొంత నయం, కానీ తాడు చుట్టాక ఆ పల్చదనం పోతుంది. అంటే మోయడానికి సుఖం, వాడటానికి కష్టం. ఎల్డ్రిస్ సరిగ్గా దీనికి తలకిందులు.

పేరింగ్ నైఫ్‌కి ఒరే రాదు. ఇదే దాని పెద్ద లోపం. బ్లేడు తొడుగులు విడిగా దొరుకుతాయి. లేదంటే గట్టి అట్టను మడిచి, ప్యాకింగ్ టేపు చుట్టి చేసుకోవచ్చు. ఇలాంటి ఒర సంచిలో ఉండే కత్తికి సరిపోతుంది, నడుముకు మాత్రం వద్దు. టేపు ఊడితే మొన నేరుగా మనకే.

తోలు ఒర అందంగా ఉంటుందని ముచ్చటపడేవాళ్ళు ఒక మాట వినాలి. వానాకాలంలో తోలు నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది, లోపల కత్తి తడిలో నానుతుంది. కార్బన్ ఉక్కు కత్తిని రాత్రంతా తోలు ఒరలో ఉంచకూడదు.

కమ్మరి కత్తి సంగతి

లారీ కమాను పట్టీ ఉక్కుతో కమ్మరి చేసే కత్తికి ఉక్కు పరంగా ఏ లోటూ ఉండదు, కమానుకి వాడేది మంచి రకమే. చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది మళ్ళీ మందమే. కమాను పట్టీ మందంగా ఉంటుంది, దాన్ని సాగగొట్టి పల్చన చేయడం శ్రమ. చెప్పకపోతే కొబ్బరిబోండాల కత్తికి తమ్ముడు తయారవుతాడు. వెన్ను 2 మిల్లీమీటర్లు, బ్లేడు నాలుగు వేళ్ళ వెడల్పంత పొడవు అని ముందే చెప్పి, అట్టముక్క మీద ఆకారం గీసి ఇవ్వండి. రెండో చిక్కు కత్తికి పెట్టే కాక, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరచడం. గ్రైండరు మీద అంచు దగ్గర నీలి రంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఆకురాయిని అంచు మీద తేలిగ్గా నడిపి చూడండి. చాలావరకు జారాలి. మెత్తటి ఇనుములోకి దిగినట్టు కొరికేస్తే వెనక్కి ఇచ్చేయండి.

మంచి కమ్మరి దొరికితే ఈ కత్తి మీ చేతికి తగిన పిడితో, మీకు నచ్చిన పొడవులో వస్తుంది. ఏ కంపెనీ ఇవ్వలేని సౌకర్యం అది. తుప్పు విషయంలో ఇజులాకి చెప్పిన జాగ్రత్తలే దీనికీ, పైగా పూత కూడా ఉండదు.

ఏ ఊళ్ళో ఉంటున్నారు?

మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద ఉన్న 2016 నియమాలు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులను ఆయుధాల జాబితాలో పెడతాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. పైన చెప్పినవేవీ ఆ కొలతల దరిదాపుల్లోకి రావు. అలాగని అర్ధరాత్రి తనిఖీలో నడుము దగ్గర కత్తి కనిపిస్తే పోలీసులు కొలత టేపు తీస్తారని అనుకోవద్దు, ఎందుకు పెట్టుకున్నావని అడుగుతారు. జామకాయల సంచితో పాటు ఉన్న వంటింటి చాకుకి జవాబు చెప్పడం సులువు, మెడలో వేలాడే నల్లటి ఇజులాకి కష్టం. మెట్రో స్టేషన్లో స్కానరు ఉంటుంది. విమానంలోకి చేతిసంచిలో తీసుకెళ్ళే ప్రశ్నే లేదు, చెక్-ఇన్ లగేజీలో వేయాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రాష్ట్రాన్ని బట్టి కథ మారుతుంది. టెక్సాస్‌లో 2017 సెప్టెంబరు నుంచి, బ్లేడు ఐదున్నర అంగుళాలు దాటితేనే కొన్ని చోట్ల నిషేధం వర్తిస్తుంది. డల్లాస్‌లో ఉండే తోటపని ప్రియులకి కంపానియన్ కూడా ఆ లోపే. కాలిఫోర్నియాలో పొడవుకన్నా దాచడం పెద్ద నేరం. మడవని కత్తి ఒరలో, నడుముకి, పైకి కనబడేలా ఉండాలి. చొక్కా లోపల మెడకి వేసుకున్న ఎల్డ్రిస్, బుజ్జిదే అయినా, కేసు తెచ్చిపెట్టగలదు. అక్కడి విశ్వవిద్యాలయాల ఆవరణలో రెండున్నర అంగుళాలు దాటిన మడవని కత్తి నిషిద్ధం. ఎల్డ్రిస్ ఆ గీత లోపల, ఇజులా బయట. చదువుకునే పిల్లలకి నా సలహా, ఆ తేడాతో ఆడుకోకుండా ఇంట్లో పెట్టేసి వెళ్ళమనే. బ్రిటన్‌లో మడవని కత్తి ఎంత చిన్నదైనా తగిన కారణం లేకుండా బహిరంగ స్థలంలో ఉంచుకోకూడదు. అక్కడ తెరిచాక బ్లేడుకి తాళం పడని, 3 అంగుళాల లోపు మడత చాకే దిక్కు. ఒపినెల్ 8వ నంబరుకి తాళపు రింగు ఉంటుంది కాబట్టి అదీ కుదరదు.

ఇక నా ఓటు. పొలం, తోట పనికైతే కంపానియన్, దాన్ని షెడ్డులోనో బండి డిక్కీలోనో ఉంచేయండి. రోజూ ఒంటి మీదే ఉండాలంటే ఎల్డ్రిస్, నడుము పౌచ్‌లో. నగరంలో ఉద్యోగం, సంచిలో లంచ్ బాక్సు, సాయంత్రం పళ్ళు కోసుకోవడం వరకే అయితే తొడుగు వేసిన పేరింగ్ నైఫ్ కొని మిగిలిన డబ్బుతో మంచి సానరాయి తీసుకోండి. ఊళ్ళో నమ్మకమైన కమ్మరి ఉన్నవాళ్ళు కంపానియన్ బదులు ఆయన దగ్గరికే వెళ్ళొచ్చు. ఇజులా చేతికి బాగా నచ్చి, కొనకపోతే నిద్రపట్టదనుకునేవాళ్ళు కనీసం ఇజులా 2 తీసుకోండి. దానికి పిడి కాస్త పొడవు, రెండు పక్కలా తొడుగులు కూడా వస్తాయి.