కమకుర పొలమా, ఎడో జీతం బియ్యమా: సమురాయ్‌కు ఏది మేలు?

సమురాయ్ బతుకును తూచమంటే నేను ముందు అతని అప్పుల చిట్టా అడుగుతాను. జపాన్‌లో షోగన్ల (సైనిక పాలకుల) ప్రభుత్వాలు మూడు నడిచాయి. వాటిలో మొదటిదైన కమకుర 1297లో, చివరిదైన ఎడో 1789లో తమ యోధుల అప్పులను ఆజ్ఞ జారీ చేసి మరీ కొట్టివేశాయి. కత్తి పట్టినవాడు వడ్డీ వ్యాపారికి ఎలా చిక్కాడన్నదే ఈ రెండు కాలాల అసలు తేడా. నడిమి మురోమచిని వదిలేస్తున్నాను. 1467లో ఓనిన్ యుద్ధం మొదలయ్యాక నిన్నటి ప్రభువును నేటి సేవకుడు కూలదోసే రోజులు వచ్చాయి, వాటిని దేనితో తూచగలం?

1192లో షోగన్ అయిన మినమొతొ యొరితొమొ తనను నమ్ముకున్న యోధులకు భూమి హక్కులు ఇచ్చాడు. వాళ్లను గోకెనిన్ అనేవారు. వాళ్లలో చాలామంది జితోలుగా ఊళ్ల మీద కూర్చున్నారు. పన్ను వసూలు, ఊరి కావలి వాళ్ల చేతిలోనే ఉండేవి. హక్కు వారసత్వంగా వచ్చేది, కూతుళ్లకు కూడా వాటా ఉండేది. తగవు వస్తే 1232 నాటి 51 నిబంధనల ధర్మశాసనం ఉంది. చిక్కల్లా ఒకటే: పంపకాలతో పొలం ముక్కలవుతుంటే, కొత్త భూమి రావాలంటే ఎవరినో ఓడించి లాక్కోవాలి. 1274లో, 1281లో మంగోలులను తరిమికొట్టారు గానీ, పంచుకోవడానికి సెంటు భూమి దక్కలేదు. తకెజకి సుఎనగ అనే యోధుడు గుర్రాన్ని, జీనును అమ్ముకుని, ఆ డబ్బుతో ప్రభుత్వం ఉన్న కమకుర పట్నం దాకా వెళ్లి, తన పరాక్రమానికి ప్రతిఫలం ఏదని నిలదీశాడు. అతనికి ఒక ఊరి జితో పదవి దక్కింది. అంత మొండితనం అందరికీ ఉండదు కదా.

ఎడో కాలం (1603–1868) సమురాయ్‌కు పొలంతో పని లేదు. ఎక్కువమంది కోట చుట్టూ పెరిగిన పట్నంలో ఉండేవాళ్లు, జీతం బియ్యంలో వచ్చేది. దాని కొలత కొకు, అంటే దాదాపు 180 లీటర్లు, ఒక మనిషి ఏడాది తిండి. షోగన్ కింది కొలువువాళ్లకు ఎడో నగరంలోని (నేటి టోక్యో) అసకుస ధాన్యాగారంలో ఏడాదికి మూడు విడతలుగా ముట్టేది. ఆ బియ్యం తీసుకుని అమ్మిపెట్టేందుకు ఫుదసషి అనే దళారులు వెలిశారు. వచ్చే విడత బియ్యం మీద ముందే అప్పు ఇచ్చేది కూడా వాళ్లే. తాత జీతమే మనవడికీ, పట్నం ఖర్చులు మాత్రం తాతనాటివి కావు. 1638లో షిమబర తిరుగుబాటు అణిగాక రెండు శతాబ్దాలకు పైగా పెద్ద యుద్ధం లేదు, కాబట్టి పరాక్రమం చూపి పైకి వచ్చే దారీ మూసుకుపోయింది. చిన్న జీతగాళ్లు ఇంట్లో గొడుగులు చేసి అమ్మారు, అదే నగరంలోని ఒకుబోలో పూల మొక్కలు పెంచారు. తినకపోయినా పళ్లలో పుల్ల పెట్టుకుంటాడు సమురాయ్ అని అక్కడొక సామెత. మన మీసాలకు సంపెంగ నూనె లాంటిదే.

ఇక ఆ రెండు ఆజ్ఞలు. 1297 ఆజ్ఞతో, గోకెనిన్ యోధులు అప్పుల పాలై బయటివాళ్లకు అమ్మేసిన భూములు పైసా కట్టకుండానే తిరిగి వచ్చాయి. 1789లో ఆరేళ్లు దాటిన అప్పులు రద్దయ్యాయి. రెండుసార్లూ జరిగింది ఒకటే: అప్పులిచ్చేవాళ్లు చెయ్యి ముడిచారు, యోధుడికి కొత్త అప్పు పుట్టలేదు. అయితే కమకుర యోధుడి చేతికి పొలమైనా వచ్చింది. ఎడో సమురాయ్‌కు చెరిగిన పద్దు తప్ప ఇంకేమీ రాలేదు. షోగన్లు పోయాక వచ్చిన కొత్త ప్రభుత్వం 1876లో ఆ జీతాలను కూడా బాండ్లుగా మార్చి చేతులు దులుపుకుంది. అందుకే సమురాయ్ పక్షాన నా ఓటు కమకురకే, అదీ మంగోలులు రాకముందు నాటి కమకురకు.

పన్ను కట్టే రైతును అడిగితే మాత్రం జవాబు తిరగబడుతుంది. 1275లో కీ ప్రాంతంలోని అతెగవ రైతులు వచ్చీరాని రాతతో ఒక ఫిర్యాదు రాసుకున్నారు. చెప్పినట్టు వినకపోతే ఆడవాళ్ల చెవులు, ముక్కులు కోస్తానని తమ జితో బెదిరిస్తున్నాడని అందులో ఉంది. పొలం మీద హక్కున్న యోధుడు ఊళ్లో కూర్చుంటే అలా ఉంటుంది. ఎడోలో పన్ను భారం తగ్గిందని కాదు, కరువులూ తప్పలేదు. కానీ పన్ను లెక్క కాగితం మీద ఊరి పెద్దకు వచ్చేది, ఊరంతా కలిసి కట్టేది. కత్తి పట్టినవాడు గుమ్మంలో కాపురం ఉండేవాడు కాదు.