లెక్కల టీచర్‌గా ఆరేళ్ళు ఫీడ్‌బ్యాక్ ఫారాలతో: నాలుగో ప్రశ్నకు రుణపడ్డాను

మా బడిలో పిల్లల చేత ఏటా రెండుసార్లు, తల్లిదండ్రుల చేత ఒకసారి టీచర్లకు మార్కులు వేయిస్తారు, ఒకటి నుంచి ఐదు దాకా. ఇది ఆరో ఏడు. ఫారాలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే. నేను రాయాలనుకున్నది పిల్లల ఫారంలోని నాలుగో ప్రశ్న గురించి: ‘నేను తప్పు చేస్తే, ఎక్కడ తప్పానో టీచర్ నాకు తెలిసేలా చెబుతారు.’

మొదటి ఏడు తొమ్మిదో తరగతిలో 38 మంది రాశారు. ‘టీచర్ మమ్మల్ని బాగా చూసుకుంటారు’ అన్నదానికి 4.6 వచ్చింది. నాలుగో ప్రశ్నకు 2.6. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఒక్క పేజీ వదలకుండా నోటుపుస్తకాలు దిద్దేదాన్ని, ఇదేం అన్యాయం అనిపించింది. మర్నాడు ఆ ఉక్రోషంతోనే ఒకమ్మాయి పుస్తకం తెరిచాను. మైనస్ మూడుని మైనస్ రెండుతో గుణించి మైనస్ ఆరు వేసింది. పక్కన నా ఎర్ర ఇంటూ, ‘గుర్తులు చూసుకో’ అని నా చేతిరాత. వెనక్కి తిప్పాను. అదే తప్పు, అదే ఇంటూ, అదే మాట. మూడు వారాల్లో నాలుగుసార్లు. ఏ గుర్తు చూసుకోవాలి, అది ఎందుకు మారుతుంది అన్న ముక్క ఒక్కచోటా లేదు. పిల్లలు వేసింది సరైన మార్కే.

ఆ వారం నుంచి ఇంటూ పెట్టడం మానేశాను. తప్పిన మెట్టు కింద గీత గీసి, పక్కన చిన్న ప్రశ్న రాస్తాను. ఆ అమ్మాయికి రాసింది: ‘మూడేసి అప్పు రెండుసార్లు రద్దయితే నీకు లాభమా, నష్టమా?’ దాని కింద పిల్లలు జవాబు రాస్తేనే టిక్కు. గంటలో తెమిలే దిద్దుబాటు రెండు గంటలైంది. రెండో విడతలో ఆ ప్రశ్నకు 3.8 వచ్చింది. అంతకన్నా నాకు గుర్తుండిపోయింది, ఆ అమ్మాయి ఒక లెక్కలో తనే గీత గీసుకుని ‘ఇక్కడే డౌటు మేడమ్’ అని రాసిన పేజీ.

తర్వాత తెలిసింది, అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ దాదాపు 3,000 మంది టీచర్లతో చేయించిన అధ్యయనంలో కూడా ఇలాంటి ప్రశ్నే గట్టిగా నిలిచిందని. 2010లో వచ్చిన దాని మొదటి నివేదికలో, పిల్లల చదువు ముందుకు సాగడంతో బాగా ముడిపడిన ఐదు వాక్యాల్లో ‘ఈ క్లాసులో మా తప్పులు దిద్దుకోవడం నేర్చుకుంటాం’ ఒకటి. టీచర్ మంచివారా అని అడగడం వేరు, క్లాసులో రోజూ ఏం జరుగుతోందో అడగడం వేరు. రెండోదానికి పిల్లలకంటే మంచి సాక్షులు లేరు.

తల్లిదండ్రుల ఫారం మీద నాకు అంత నమ్మకం కుదరలేదు. ఒక ఏడు తొమ్మిదంటే తొమ్మిదే తిరిగొచ్చాయి. ఏడుగురు ఐదేసి, ఇద్దరు ఒకటేసి వేశారు. సగటు 4.1. ఎనిమిది మంది నాలుగేసి, ఒకరు ఐదు వేసినా అదే 4.1. రిపోర్టులో అంకె మాత్రమే ఉంటుంది, ఆ ఇద్దరి బాధ ఏమిటో ఉండదు. క్లాసు చూడని మనిషిని బోధనకు మార్కు వేయమంటే ఏం వేస్తారు పాపం. కానీ మాటల్లో రాయమన్న చోట ఒక నాన్నగారు ‘లెక్కల పుస్తకం తీయమంటే మా పాప ఏడుస్తోంది’ అని రాశారు. క్లాసులో ఆ పాప నవ్వుతూనే ఉండేది. ఆ ఒక్క వాక్యం ఇంటి నుంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ నాకు అందేది కాదు.

పైన చెప్పిన 3.8 గురించి ఒక మాట. అది మార్కులు నా దగ్గరే ఉండే రోజుల్లో వచ్చింది. మూడో ఏడు నుంచి వాటిని వార్షిక మదింపులో కలిపారు. ఆ ఏడు, కఠినంగా పెట్టిన పరీక్ష పేపర్లు దిద్ది కూడా, పిల్లలు ఫారాలు నింపడం అయ్యాకే తిరిగి పంచాను. తక్కువ మార్కుల కోపం ఫారాల్లో పడకూడదని కావాలనే చేశాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ తర్వాత నాలుగో ప్రశ్నకు వచ్చిన 4.2లో నా దిద్దుబాటు ఎంతో, ఆ జాగ్రత్త ఎంతో నేను చెప్పలేను. పేర్లు లేకపోయినా చేతిరాత నేను గుర్తుపడతానని పిల్లలకూ తెలుసు.

అయినా ఈ పద్ధతి మంచిదా అంటే నా మటుకు మంచిదే. కానీ నాది పర్మనెంటు ఉద్యోగం, సర్వీసు ఇరవై ఏళ్ళు దాటింది, 2.6 వచ్చినా నా జీతానికి ఢోకా లేదు. ప్రొబేషన్‌లో ఉన్న కొత్త టీచర్ చేతిలో ఆ కాగితమే పెట్టి ‘ఇందులోంచి నేర్చుకో’ అనడానికి నాకు నోరు రాదు. నాలుగో ప్రశ్నను మాత్రం ఫారాలతో పని లేకుండా, ప్రతి పాఠం చివర చీటీల మీద నేనే అడుగుతున్నాను. అవి ఎవరికీ చూపించను. ఎనిమిదో తరగతి చీటీలు నిన్ననే వచ్చాయి, ఇంకా విప్పలేదు.