నియోడిమియం అయస్కాంతాలు (10 బిళ్ళలు): పట్టు అదుర్స్, చంటిపిల్లలున్న ఇంటికి మాత్రం వద్దు

తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. సంపులో తాళాల గుత్తి పడిపోయింది. ముందురోజే ట్యాంకర్ నీళ్లు పోయించాం కాబట్టి తోడెయ్యడానికి మనసొప్పక ఆన్‌లైన్‌లో ఇవి తెప్పించాను. ఎన్52 రకం (బాగా శక్తి ఉండే గ్రేడు), ఒక్కోటి చింతగింజంత, 10 కలిపి 480 రూపాయలు. రెండు బిళ్ళల్ని గుడ్డలో మూటగట్టి తాడుతో దించితే మూడోసారికే గుత్తి పైకొచ్చింది. ఇత్తడి తాళంచెవులు వీటికి అంటుకోవు, ఇనుప రింగు ఉండబట్టి బతికిపోయాం.

పట్టుకు వంక పెట్టలేను. మెష్ తలుపు గాలికి తెరుచుకోకుండా రెండు పెట్టాను, కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి అమ్మ ఒకటి తీసుకుంది. స్టీలు గ్లాసుకు అంటుకోలేదని డూప్లికేట్ అనుకోకండి, చాలా స్టీలు గిన్నెలకు ఏ అయస్కాంతమూ అంటదు. పొయ్యి పక్కన పెట్టకండి, 80 డిగ్రీలు దాటితే ఈ రకం శక్తి తగ్గిపోతుంది, చల్లారాక కూడా పూర్తిగా తిరిగిరాదు.

మొదటిరోజే బల్లమీద రెండింటిని దగ్గరదగ్గరగా పెట్టానో లేదో టక్కున ఎగిరి కలిశాయి, మధ్యలో నా వేలి చర్మం. రక్తం గడ్డకట్టి వారం పాటు నల్లగా ఉంది. ఒక బిళ్ళ అంచు పెచ్చు లేచింది, పైన వెండిలా నికెల్ పూత, లోపల బూడిదరంగు. చూడ్డానికి ఇనుములా ఉన్నా పింగాణీలా పెళుసు. విడదీయాలంటే లాగకూడదు, పక్కకు జరపాలి.

అసలు భయం తర్వాత తెలిసింది. అక్క రెండేళ్ల కొడుకుతో వచ్చిన రోజు సాయంత్రం లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి. ఇలాంటివి రెండు మింగితే పేగు మడతల్లో ఇటొకటి అటొకటి ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో నలిగిన పేగుకు రంధ్రం పడుతుంది. ఒక్కటే పోయింది కదా అని ఊరుకోలేం, ఇంకో ఇనుప ముక్క మింగినా అంతే. అక్క వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది, నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని చాపల కింద, మంచం కింద నేలంతా తడిమాను. ముప్పావుగంటకు బీరువా వెనక కాలికి అంటుకుని దొరికింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. పిల్లలు మింగారని అనుమానమొస్తే అరటిపండు పెడితే పోతుందిలే అని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి.

నాన్నకు పేస్‌మేకర్ (గుండె లయ తప్పకుండా చూసే పరికరం) ఉంది. అయస్కాంతం దగ్గరకొస్తే అది పనిచేసే తీరే మారిపోతుంది, అందుకే చొక్కా జేబులో వేసుకోవద్దని చెప్పాం. 6 అంగుళాలు దూరం అంటారు, మేమైతే ఆయన గదిలోకే రానివ్వం.

ఇన్ని ప్రమాదాలున్న సరుకును అమ్మినవాళ్లు ఉత్త ప్లాస్టిక్ కవర్లో పంపారు, హెచ్చరిక అన్న ముక్క ఏ భాషలోనూ లేదు. అందుకే మూడు స్టార్లు. మెష్ తలుపుకున్నవి కూడా ఊడదీసేశాను, పదీ ఇప్పుడు మూత బిగించిన డబ్బాలో అటక మీద ఉన్నాయి, తీసినప్పుడల్లా లెక్కపెట్టే లోపల పెడుతున్నాం.