కొత్త ల్యాప్‌టాప్, ఏడాదిన్నర వాడాక: దాంతో వచ్చిన యాప్‌ల సంగతి

2024 దసరాకి కొన్నాను. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 హోమ్, ఆఫీస్ కలిపి యాభై రెండు వేల చిల్లర. కంపెనీ పేరు చెప్పను. ఏ కంపెనీది కొన్నా ఈ తంటాల్లో సగం మీకూ తప్పవు.

మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు. అనూ ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో చేసే పనంతా ఇప్పటికీ పాత డెస్క్‌టాప్ మీదే నడుస్తోంది. ల్యాప్‌టాప్ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే తెలుగు) పనికీ, వాట్సాప్‌లో పార్టీలు పంపే మ్యాటర్ దించుకోవడానికీ, బిల్లులకీ. అంతకుముందున్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉండేది. దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందన్నారు కాబట్టి ఏడాది ముందే జాగ్రత్తపడ్డా.

యంత్రం మాట ముందే తేల్చేస్తా. కీబోర్డు మెత్తగా ఉంది, రోజంతా కొట్టినా వేళ్లు నొప్పెట్టవు. తలుపు తీసి కూర్చుంటే ఆ వెలుతురుకి తెర సరిగ్గా కనపడదు. బ్యాటరీ మొదట్లో ఆరు గంటలు వచ్చేది, ఇప్పుడు నాలుగున్నర. 512 అని కొంటే లోపల 476 చూపిస్తోందని కంగారుపడకండి, ఎవరూ మోసం చెయ్యలేదు. అమ్మేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

ఇక అసలు గోల. ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం మైక్రోసాఫ్ట్ స్టోర్ (విండోస్‌లో యాప్‌లు దొరికే చోటు) తెరిచి, లైబ్రరీలోకి వెళ్లి అప్‌డేట్లు అడిగితే ఇరవైకి పైగా యాప్‌లు వరసకట్టాయి. రెండు దిగాయి. మిగతావన్నీ 'పెండింగ్' అని గుండ్రాలు తిరుగుతూ కూర్చున్నాయి. తెల్లారి చూసినా అంతే. ఒక్కోసారి అకౌంట్‌తో లాగిన్ అవ్వమంటుంది, అయితే మళ్లీ బయటికి తోసేస్తుంది. పక్క కొట్లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలిస్తే అటూ ఇటూ చూసి, "ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్, గంటలో అయిపోద్ది" అన్నాడు. నిన్న కొన్నదానికి ఇవాళ ఫార్మాటేంట్రా అని పంపించేశా.

తప్పు నాదే అని రెండు రోజులకి తెలిసింది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు గడియారం తేడాగా ఉంటే చేత్తో దిద్దాను. టైమ్ జోన్ మాత్రం అమెరికా పసిఫిక్ దగ్గరే ఉండిపోయింది. చూడ్డానికి టైమ్ సరిగ్గానే ఉంది కానీ, లోపల లెక్క పన్నెండున్నర గంటలు ముందుకు పోయింది. లాగిన్ అయినప్పుడు సర్వర్ ఇచ్చే అనుమతికి గడువు ఉంటుంది. మన గడియారం అంత తేడాగా ఉంటే ఇప్పుడే ఇచ్చిన అనుమతి కూడా గడువు దాటినట్టే కనిపిస్తుంది. టైమ్ జోన్ ఇండియాకి మార్చి 'సింక్ నౌ' నొక్కగానే లాగిన్ నిలబడింది. అప్పుడు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'డబ్ల్యూఎస్‌రీసెట్' అని కొట్టాను. నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఏమీ రాయదు, ఏమీ అడగదు. పాడైపోయిందేమో అని మూసెయ్యకండి. కాసేపటికి తనే మూసుకుని స్టోర్ తెరుస్తుంది. ఆ పూటే సగం యాప్‌లు దిగాయి.

మిగతా సగానికి అడ్డం మా అబ్బాయి. షాపులో నెట్ లేని రోజుల్లో ఫోన్ హాట్‌స్పాట్ వాడుతుంటే, డేటా అయిపోతుందని ఆ కనెక్షన్‌ని 'మీటర్డ్' (అంటే డేటా పొదుపుగా వాడమని) అని పెట్టి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మంచికే పెట్టాడు. కానీ అలా పెడితే స్టోర్ యాప్‌లు వాటంతట అవి అప్‌డేట్ కావు. గౌతమి, వాణి అనే తెలుగు ఫాంట్లు రాకపోవడానికీ అదే కారణం. పాత పార్టీలు గౌతమిలో కొట్టిన ఫైళ్లు పంపితే ఇందులో నిర్మలలో తెరుచుకుని లైన్లన్నీ చెదిరిపోయేవి. ఇప్పటి విండోస్‌లో తెలుగుకి ముందే ఉండేది నిర్మల ఒక్కటే. గౌతమి, వాణి కావాలంటే ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. మీటర్డ్ తీసేశాక అవీ దిగాయి, మిగతా యాప్‌లూ దిగాయి.

ఫోన్‌ని ల్యాప్‌టాప్‌తో కలిపే ఫోన్ లింక్ యాప్ ఒక్కటి మాత్రం మొండికేసింది. చివర '3డి02' అని ఉండే ఎర్రర్. అంటే ఆ యాప్ ఇంకా నడుస్తోంది, నడుస్తున్నదాన్ని మార్చలేను అని. కిటికీ మూసినా అది వెనకాల తిరుగుతూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపి మళ్లీ నొక్కితే నిమిషంలో అయిపోయింది.

ఇక్కడొక దెబ్బ తిన్నా, మీరు తినకండి. సెట్టింగ్స్‌లో స్టోర్ యాప్‌లు చాలావాటికి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఉంటాయి. అందులో 'రిపేర్', 'రీసెట్' అని రెండు బొత్తాలు పక్కపక్కనే. రిపేర్ చేస్తే మన సమాచారం అలాగే ఉంటుంది. రీసెట్ చేస్తే యాప్ కొత్తగా వేసినట్టవుతుంది, లోపల మనం దాచుకున్నది పోతుంది. చీటీలు రాసుకునే స్టిక్కీ నోట్స్ యాప్ తెరుచుకోవడం లేదని తొందరపడి రీసెట్ నొక్కా. నాలుగు పార్టీల అడ్వాన్సులు, కార్డు రేట్లు, ఎవరికి ఎన్ని వందల కార్డులో అన్నీ అందులోనే ఉన్నాయి. అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే తిరిగొచ్చేవి. నేను అవ్వలేదు. రెండు రోజులు పార్టీలకి ఫోన్లు చేసి, "అడ్వాన్సు ఎంతిచ్చారండీ?" అని నేనే అడగాల్సొచ్చింది. అందరూ నిజమే చెప్పారనుకుంటా.

నాకు అర్థం కావడానికి నెలలు పట్టిన విషయం ఇంకోటి ఉంది. ముందే వేసి ఇచ్చిన యాప్‌లన్నీ ఒకే దారిలో అప్‌డేట్ కావు. ఫొటోలు, కాలిక్యులేటర్ లాంటివి స్టోర్ నుంచి. డ్రైవర్లు (లోపలి భాగాల్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) విండోస్ అప్‌డేట్ నుంచి, అందులోనూ కొన్ని ఆప్షనల్ అప్‌డేట్స్ అనే మూలగదిలో కూర్చుంటాయి. ఆఫీస్‌కి వర్డ్ తెరిచి ఫైల్, అకౌంట్, అప్‌డేట్ ఆప్షన్స్ అంటూ లోపలికి పోవాలి. ఇక ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్ల సొంత యాప్‌ది వేరే కాపురం. నాకిచ్చింది మొదటి కొన్ని నెలలు 'అన్నీ బాగున్నాయి' అనే చెప్పింది. తీరా చూస్తే అదే పాతబడిపోయి ఉంది! స్టోర్ నుంచి దాన్ని అప్‌డేట్ చేశాక, ఒకేసారి ఆరు డ్రైవర్లు కావాలని మొదలెట్టింది.

యాంటీవైరస్ ట్రయల్ ఒకటి అంటగట్టారు. గడువయ్యాక రోజూ డబ్బు కట్టమని పీకింది. తీసిపారేశా. అది ఉన్నన్నాళ్లూ పక్కకి తప్పుకున్న విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్, అది పోగానే తనంతట తనే పనిలోకి దిగింది. నాకు అది చాలు.

బయాస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) కథ చెప్పి ఆపేస్తా. 2025 మాఘమాసం, చేతిలో పదకొండు పెళ్లిళ్ల కార్డులు. ఒక రాత్రి కంపెనీ యాప్‌లోనే బయాస్ అప్‌డేట్ కనపడింది, నొక్కేశా. ఛార్జర్ పెట్టే ఉంది, కరెంటూ పోలేదు. మళ్లీ ఆన్ అయ్యాక నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. నా గుండె జారిపోయింది. ఎవరిచ్చారు నాకా కీ? సంగతేంటంటే, విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్‌కి చాలా ల్యాప్‌టాప్‌లలో తాళం దానంతటదే పడుతుంది. తాళంచెవి ఆ అకౌంట్‌లో ఉంటుంది. బయాస్ మారితే ఇది వేరే యంత్రమేమో అని దానికి అనుమానం వస్తుంది. కొన్నప్పుడు పెట్టిన అకౌంట్ మా అబ్బాయిది. రాత్రి పదకొండున్నరకి లేపా.

"నాన్నా, ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. నేను చదువుతా, నువ్వు కొట్టు. తొందరపడకు."

అయిదో గుంపు దగ్గర ఒక అంకె తప్పు కొట్టా. వాడు మళ్లీ చదివాడు. ఒక్కో గుంపూ పదకొండుతో శేషం లేకుండా భాగించబడేలా ఉంటుందట, అందుకే ఒక్క అంకె తేడా వచ్చినా ఇట్టే దొరికిపోతుందని వాడే చెప్పాడు. ఆ సమయంలో నాకెందుకురా ఆ లెక్కలు అన్నా. విండోస్ తెరుచుకుంది, పదకొండు పెళ్లిళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మర్నాడు ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ బిల్లుతో కలిపి బీరువాలో పెట్టా. స్టోర్ యాప్‌లు ఇప్పుడు ఆదివారం ఆదివారం చూస్తా, పది నిమిషాల పని. ఈమధ్య ఇంకో బయాస్ అప్‌డేట్ వచ్చి కూర్చుంది. మూఢం వచ్చి కార్డుల పని తగ్గేదాకా దాన్ని అలాగే కూర్చోనిస్తా.