బరువు పెంచే పొడి: పదహారేళ్ల ఆటగాడికి వాడి చూశాక

మా అబ్బాయికి పదహారేళ్లు. ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున వాలీబాల్ సాధన చేస్తాడు. నెట్ దగ్గర తనకంటే బరువైన వాళ్ల ముందు నిలదొక్కుకోలేకపోతున్నానని వాడు పదేపదే బాధపడుతుంటే చూడలేక, మాస్ గెయినర్ పేరుతో అమ్మే ఐదు కిలోల పొడి డబ్బాలు రెండు కొన్నాము. ఐదు వారాలు అది వాడి, ఆపై పది వారాలు అది లేకుండా గడిపి, రెండింటినీ పోల్చి చూసుకున్నాక ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా లేబుల్ సంగతి. ఒక మోతాదు 330 గ్రాములు, అంటే డబ్బాలో ఇచ్చిన పెద్ద స్కూపుతో రెండు నిండా. అందులో 1,250 కేలరీలు, 250 గ్రాముల పిండిపదార్థం, 50 గ్రాముల ప్రోటీన్, ఐదారు గ్రాముల కొవ్వు ఉంటాయి. చక్కెర 20 గ్రాములేనని చూసి నేను తృప్తిపడ్డాను. అయితే పదార్థాల జాబితాలో అన్నిటికంటే ముందున్నది మాల్టోడెక్స్ట్రిన్, అంటే పిండి నుంచి తయారుచేసే ఒక పొడి. లేబుల్‌పై దాన్ని చక్కెర కింద లెక్కించరు గానీ, ఒంట్లోకి వెళ్లాక అది దాదాపు గ్లూకోజ్ అంత వేగంగానూ రక్తంలో కలుస్తుంది. ఒక మోతాదులోని 1,250 కేలరీల్లో వెయ్యి పిండిపదార్థం నుంచి వచ్చేవే అయినప్పుడు, డబ్బా ముందు భాగంలో ప్రోటీన్ అనే మాటను అంత పెద్ద అక్షరాల్లో అచ్చువేయడం కొనేవారిని తప్పుదారి పట్టించడమేనని నా అభిప్రాయం. పద్దెనిమిదేళ్ల లోపు వారికి ఉద్దేశించినది కాదన్న హెచ్చరిక మాత్రం వెనకవైపు, అడుగున, చాలా చిన్న అక్షరాల్లో ఉంది. కొనేముందు దాన్ని చదవకపోవడం నా పొరపాటే.

మొదటి పది రోజులు పూర్తి మోతాదు ఇచ్చాము. షేకర్‌లో ఎంత గిలకొట్టినా అడుగున జిగురుగా ఒక పొర మిగిలేది, వాడు దాన్ని చెంచాతో గీకి మరీ తినేవాడు. పదకొండో రోజు తూకం 57.6 కిలోలు చూపించింది. ఇంట్లో అందరం సంబరపడ్డాము. అయితే అందులో చాలా భాగం కండ కాదని తరువాత తెలిసింది. పిండిపదార్థం కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుందనీ, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుందనీ అప్పట్లో మాకు తెలియదు. ఈలోగా కడుపు ఉబ్బరం, రెండు మూడు సార్లు విరేచనాలు, అన్నిటికంటే ముఖ్యంగా రాత్రి భోజనం మీద అయిష్టం మొదలయ్యాయి. సాయంత్రం ఆరు గంటలకు అది తాగితే తొమ్మిదింటికి కంచం సగం కూడా ఖాళీ అయ్యేది కాదు. మోతాదు సగానికి తగ్గించాక కడుపు కుదుటపడింది గానీ ఆకలి పూర్తిగా తిరిగి రాలేదు. ఐదో వారం చివరికి బరువు 58.4 కిలోలు, నడుము చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు ఎక్కువ. ఎగిరి అందుకున్న ఎత్తును కోచ్ గోడ మీద సుద్దతో గీసి ఉంచారు. ఆ గీత మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ తరువాత ఒక క్రీడా పోషకాహార నిపుణురాలిని కలిశాము. ఆమె ముందుగా మూడు రోజుల పాటు వాడు తిన్నది, తిన్న వేళ, నిద్రపోయిన గంటలు అన్నీ రాసుకు రమ్మన్నారు. క్రీడాకారులకు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల వరకు ప్రోటీన్ సరిపోతుంది. ఆ లెక్కన 56 కిలోల పిల్లవాడికి 67 నుంచి 112 గ్రాములు కావాలి. మా వాడు పొడి లేకుండానే 75 గ్రాములకు పైగా తింటున్నాడని ఆ కాగితాల్లోనే తేలింది. లోటు ప్రోటీన్‌లో కాదు, మొత్తం శక్తిలో, అందులోనూ వేళల్లో ఉంది: ఉదయం సాధనకు పరగడుపున వెళ్లడం, మధ్యాహ్నం నుంచి సాయంత్రం సాధన ముగిసేదాకా ఏమీ తినకపోవడం. మరో విషయం కూడా ఆమె ఓపికగా వివరించారు. ఎదిగే మగపిల్లల్లో ముందు ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది, బరువు పెరిగే వేగం కొన్ని నెలల తరువాత అందుకుంటుంది. కాబట్టి అప్పుడే సాగిన పిల్లవాడు సన్నగా కనిపించడం చాలాసార్లు జబ్బూ కాదు, లోపమూ కాదు. ఈ మాట ముందే విని ఉంటే మేము అంత కంగారుపడేవాళ్లం కాదు.

పొడి ఆపేసిన పది రోజుల్లో బరువు 57.5కు దిగింది. ఆ తరువాత మూడు భోజనాలు, మధ్యలో మూడు చిరుతిళ్లు, సాధన ముగిసిన గంటలోపు ఇంట్లో చేసిన పానీయం, రాత్రికి ఎనిమిది గంటలకు తగ్గని నిద్ర అన్న పద్ధతి పెట్టుకున్నాము. ఆ పానీయంలో 300 మిల్లీలీటర్ల పాలు, రెండు అరటిపండ్లు, 40 గ్రాముల ఓట్స్, రెండు పెద్ద చెంచాల వేరుశనగ ముద్ద వేస్తాము. దాదాపు 700 కేలరీలు, 25 గ్రాముల ప్రోటీన్ వస్తాయి, పైగా ఎదిగే ఎముకలకు కావలసిన కాల్షియం కొంత అందుతుంది. రోజుకు మూడు వందల నుంచి ఐదు వందల కేలరీలు అదనంగా, వారంలో మూడు రోజులు బరువులెత్తే వ్యాయామంతో పాటు అందితే, వారానికి పావు కిలో నుంచి అర కిలో పెరుగుదల సబబైనది. మా వాడు పది వారాలకు 60 కిలోలకు చేరాడు. నడుము కొలత మారలేదు. సుద్దగీత నాలుగు సెంటీమీటర్లు పైకి జరిగింది.

పోటీల్లో ఆడే పిల్లల తల్లిదండ్రులు మరొక విషయం తప్పక చూసుకోవాలి. డోపింగ్ నిబంధనల ప్రకారం ఒంట్లో దొరికిన నిషిద్ధ పదార్థానికి బాధ్యత ఆటగాడిదే. అది కల్తీ అయిన పొడి ద్వారా వచ్చిందన్నా పరీక్ష ఫలితం చెల్లకుండా పోదు. నిషిద్ధ పదార్థాల కోసం పరీక్షించారని తెలిపే ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్ వంటి స్వతంత్ర పరీక్షా ముద్ర మేము కొన్న డబ్బా మీద లేదు. పైగా అందులో కండరాలకు తక్షణ శక్తి కోసం వాడే క్రియాటిన్ కూడా కలిపి ఉంది, దాన్ని పద్దెనిమిదేళ్ల లోపు వారు వాడవద్దనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. బరువు పెరగకపోవడంతో పాటు ఎడతెగని అలసట, మాటిమాటికీ గాయాలు, ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోవడం వంటివి కనిపిస్తే పొడులు వెతకడం మాని నేరుగా వైద్యుల దగ్గరకు వెళ్లాలి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరుపెట్టిన శక్తి లోపం లక్షణాలు అవే.

ఈ పొడికి ఐదింటిలో రెండు మార్కులు ఇస్తాను. రుచి బాగుంది, తయారీ తేలిక, భోజనం దొరకని చోట కేలరీలు అందించడంలో మాట తప్పలేదు. ఎదిగే పిల్లవాడి కంచంలోని అన్నాన్ని తగ్గించినందుకు మిగిలిన మార్కులు తీసేశాను. రెండో డబ్బా సగం అలాగే ఉంది. దాన్ని మళ్లీ మా వాడికి కలిపి ఇవ్వను, ఎదుగుతున్న మరో పిల్లవాడి ఇంటికీ పంపను.