స్వింగ్ డాన్స్ క్లాసులకు వింటేజ్ బట్టలు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

స్వింగ్ (అమెరికాలో జాజ్ సంగీతంతో పుట్టిన జంట డాన్సులు) క్లాసులో చేరినవాళ్లలో చాలామందికి కొద్ది వారాల్లోనే పాతకాలపు బట్టల మీద మనసు పడుతుంది. నాకూ పడింది. అప్పటి నుంచి స్కర్టులు, గౌన్లు, ఎత్తు నడుము ప్యాంట్లు, చొక్కాలు, బూట్లు చాలానే వాడాను. కొన్ని చిరిగిపోయాయి, కొన్ని ఎవరికో ఇచ్చేశాను, కొన్ని ఇప్పటికీ వారం వారం వేసుకుంటున్నాను. ఇక్కడ ఏ బ్రాండు గురించీ రాయడం లేదు. గంటకు పైగా గెంతినా, తిరిగినా ఇబ్బంది పెట్టని కట్టింగ్ ఏది, గుడ్డ ఏది, సోల్ ఏది అన్నదే రాస్తున్నాను. చెయ్యి పైకెత్తినప్పుడు, మోకాళ్లు వంచినప్పుడు, గిర్రున తిరిగినప్పుడు ఒంటి మీద బట్ట ఉన్న ధ్యాసే రాకూడదు. నేను దేన్నైనా తూచేది దీనితోనే. ఫొటోలో ఎలా పడుతుందన్నది ఆ తర్వాత.

ముందు భుజాల సంగతి చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు ఎవరూ అక్కడ చూడరు. చంక దగ్గర లూజుగా ఉంటే చెయ్యి బాగా ఆడుతుందని అనుకుంటాం. వాడి చూస్తే తలకిందులుగా ఉంటుంది. చంక కిందికి దిగి కోసిన జాకెట్టులో చెయ్యి లేపగానే పక్క కుట్టు మొత్తం పైకి లాక్కుపోతుంది, నడుములో దోపిన అంచు బయటికి వచ్చేస్తుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా కోసి ఉంటే చెయ్యి మాత్రమే కదులుతుంది, మిగతా జాకెట్టు ఉన్నచోటే ఉంటుంది. 1930లు, 40ల నాటి బట్టల్లో చంక ఇలా పైకే ఉండేది. ఇప్పుడు వింటేజ్ అని అమ్మే వాటిలో చాలావరకు కాలరు, గుండీలు మాత్రమే పాతవాటిలా ఉంటాయి, చంక మాత్రం ఇప్పటి చొక్కాల్లాగే కిందికి ఉంటుంది.

నేను ఎక్కువగా వేసుకునే కాటన్ జాకెట్టుకు చంకలో డైమండ్ ఆకారంలో చిన్న ముక్క వేసి ఉంది. నాలుగు వేళ్ల వెడల్పు కూడా ఉండదు, చెయ్యి పూర్తిగా ఎత్తితే తప్ప కనిపించదు. వీపు మీద రెండు భుజాల పక్కనా ఒక్కో మడత ఉంది. స్వింగ్ అవుట్ అనే స్టెప్పులో పార్ట్‌నర్ నుంచి దూరంగా వెళ్లి చెయ్యి చాచగానే ఆ మడత విచ్చుకుంటుంది, దగ్గరికి రాగానే మూసుకుంటుంది. ఆ ముక్క చుట్టూ కుట్లు ఒకసారి ఊడితే టైలరు రెండు వరసలు కుట్టి ఇచ్చాడు, ఆ తర్వాత కదల్లేదు. నా దగ్గరున్న అన్ని బట్టల్లో ఎవరికైనా ధైర్యంగా చెప్పగలిగేది ఇదే. మీకు నచ్చిన జాకెట్టులో ఇలాంటి ముక్క లేకపోయినా పర్వాలేదు. లోపల కుట్టు గుడ్డ కాస్త వదిలి ఉంటే టైలరు వేసి ఇవ్వగలడు.

వీపు గురించి ఇంకో మాట. జంట దగ్గరగా పట్టుకుని నిలబడే క్లోజ్డ్ పొజిషన్‌లో లీడ్ చేసేవాళ్ల (జంటను నడిపించేవాళ్ల) కుడి అరచెయ్యి ఫాలో (వాళ్లను అనుసరించేవాళ్ల) వీపు మీద, ఎడమ భుజం ఎముక దగ్గర ఉంటుంది. అక్కడ జిప్పు ఉంటే ఆ చేతికి గుచ్చుకుంటుంది. పెద్ద బో ఉంటే వేళ్లకు చిక్కుకుంటుంది. శాటిన్ అయితే చెయ్యి జారిపోతుంది, సిగ్నల్ సగమే అందుతుంది. వీపు బాగా తెరిచిన గౌను అయితే చెమటకు చెయ్యి అంటుకుపోయి ఇద్దరికీ ఇబ్బందే. ఆ కాలపు గౌన్లకు జిప్పు చాలావరకు ఎడమ పక్క కుట్టులో ఉండేది, డాన్సుకు అది చాలా మేలు. అయితే జిప్పు పైకొస చంకలోకి వచ్చిందేమో చూసుకోండి. అక్కడ పొడుచుకుంటే క్లాసు అయ్యేసరికి చర్మం కందిపోతుంది. ముందువైపు గుండీలున్న గౌను నాకు ఇంకా హాయిగా ఉంటుంది. ఛాతీ దగ్గర గుండీల మధ్య విచ్చుకోకుండా లోపల ఒకటి రెండు ప్రెస్ బటన్లు కుట్టించుకుంటే చాలు.

ఇక స్కర్టులు. స్వింగ్ అనగానే అందరికీ మెదిలే బొమ్మ లోపల గుబురు పెట్టికోటుతో గుండ్రంగా విచ్చుకునే అంబ్రెల్లా కట్ స్కర్టు. చూడడానికి ఎంతో బాగుంటుంది, కాదనను. కానీ అది 1947లో ఫ్రెంచ్ డిజైనర్ డియోర్ వెడల్పాటి స్కర్టులను మళ్లీ ఫ్యాషన్‌లోకి తెచ్చిన తర్వాతి రూపం, ఎక్కువగా 50లది. స్వింగ్ డాన్సుల్లో ముఖ్యమైన లిండీ హాప్ పెరిగింది అంతకుముందు, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో. 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్సు హాలులో 30లు, 40లలో అమ్మాయిలు వేసుకున్నవి చాలావరకు తుంటి దగ్గర సాఫీగా ఉండి మోకాలి దగ్గర మాత్రమే విచ్చుకునే స్కర్టులు. 1942లో అమెరికా ప్రభుత్వం యుద్ధ అవసరాలకు గుడ్డ ఆదా చేయాలని ఎల్-85 అనే ఉత్తర్వు తెచ్చి స్కర్టుల పొడవుకు, అంచు వెడల్పుకు కూడా పరిమితి పెట్టింది. అంటే అసలు స్వింగ్ కాలపు స్కర్టు తక్కువ గుడ్డతోనే కాలు ఆడేలా కోసిన స్కర్టు.

రెండు రకాలూ వాడిన మీదట నా ఓటు ఆ 40ల కట్టింగ్‌కే. ఆరు కలీలుగా (కింద వెడల్పయ్యే నిలువు ముక్కలుగా) కోసి కుట్టిన స్కర్టు నా దగ్గర ముదురు నీలంలో ఒకటి ఉంది. నిలబడితే బుద్ధిగా కిందికి వేలాడుతుంది, తిరిగితే మోకాలి దగ్గర విచ్చుకుని ఆగగానే వెంటనే సర్దుకుంటుంది. ఈ సర్దుకోవడం చాలా ముఖ్యం. బరువైన అంబ్రెల్లా స్కర్టు మీరు ఆగాక కూడా ఇంకో అర చుట్టు తిరుగుతుంది, కాళ్లకు చుట్టుకుంటుంది, పక్క జంట కాళ్లకు తగులుతుంది. జంటలు ఇరుకుగా నిలబడే క్లాసులో ఇది చిన్న విషయం కాదు. పెట్టికోటు ఉంటే వేడి కూడా. పార్టీకి అంబ్రెల్లా స్కర్టు తప్పకుండా వేసుకోండి. క్లాసుకు కలీల స్కర్టు చాలు.

పొడవు మోకాలి కింద రెండు మూడు అంగుళాలు ఉంటే నాకు సరిగ్గా సరిపోతుంది. పిక్క మధ్యదాకా వస్తే చార్ల్‌స్టన్ అనే స్టెప్పుల్లో కాలు విసిరినప్పుడు గుడ్డ అడ్డం పడుతుంది. పూర్తి గుండ్రం స్కర్టు కుట్టించుకుంటే ఒక జాగ్రత్త: అంచు మడిచే ముందు కనీసం ఒక రోజు హ్యాంగర్‌కు వేలాడదీయమని టైలరుకు చెప్పండి. గుడ్డ క్రాస్‌గా వచ్చే చోట్ల బరువుకు సాగి కిందికి దిగుతుంది. వేలాడదీయకుండా మడిస్తే నాలుగు వాడకాలకే అంచు ఎగుడుదిగుడుగా తేలుతుంది. స్కర్టు ఏదైనా లోపల సైక్లింగ్ షార్ట్స్ తప్పనిసరి. తిరిగేటప్పుడు టెన్షన్ ఉండదు, తొడలు రాసుకోవు.

నడుము పట్టీ విషయంలో దుకాణంలో కుదిరిన కొలతను నమ్మకండి. ఎత్తు నడుము బట్ట సరిగ్గా ఊపిరి తీసుకునే చోటే బిగుస్తుంది. వేగం పాట వచ్చి ఆయాసం మొదలైతే, అప్పటిదాకా బాగున్న పట్టీ కోసుకుంటున్నట్టు ఉంటుంది. నడుము కొలతకు పైన ఒక అంగుళం లూజు ఉంచమంటాను. పట్టీ వెనక భాగంలో మాత్రమే ఎలాస్టిక్ దాచిన స్కర్టులు ఉంటాయి. ముందు నుంచి చూస్తే తెలియదు, ఒంటికి హాయిగా ఉంటుంది. పెద్ద బకిలు బెల్టు మాత్రం వద్దు. వంగినప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది, దగ్గరగా పట్టుకుంటే పార్ట్‌నర్‌కూ తగులుతుంది.

లీడ్ నేర్చుకునే రోజుల్లో నేను ప్యాంటే వేసుకుంటాను. ఎత్తు నడుము, ముందువైపు రెండు ప్లీట్లు, వెడల్పాటి కాళ్లు. లిండీ హాప్ డాన్సరు ఫ్రాంకీ మానింగ్ (1914–2009) డాన్స్ చేసిన ఫిల్ములు చూస్తే ఆయన నిటారుగా నిలబడడు, పరుగు పందెంలో ఉన్నవాడిలా ముందుకు వంగి మోకాళ్ల మీద ఉంటాడు. ఆ భంగిమలో బిగుతు జీన్స్ వేసుకుని నాలుగు పాటలు చేస్తే తొడల దగ్గర ఎంత ఇబ్బందో తెలుస్తుంది. ప్లీట్లు విచ్చుకుని తొడకు చోటిస్తాయి. ఎత్తు నడుము వల్ల చొక్కా బయటికి రాదు, వంగినా వీపు కనిపించదు. సస్పెండర్లు వాడేవాళ్లు గుండీలకు తగిలించే రకమే తీసుకోండి. క్లిప్పులవి ఒక్క ఊపుకు ఊడి ముఖం మీదికి వస్తాయి. ప్యాంటు అంచు నేలను ఊడ్చకూడదు, బూటు మీద తేలికగా ఆనితే చాలు.

గుడ్డల్లో నాకు మొదటి స్థానం కాటన్‌దే, కానీ మరీ మందం కాదు. రేయాన్ ఆ కాలపు గుడ్డే. మెత్తగా జారుతూ పడుతుంది, తిరిగేటప్పుడు దాని అందం కాటన్‌కు రాదు. ఒకటే లోపం: తడిస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది. చెమటతో తడిసిన చంక దగ్గర చెయ్యి గట్టిగా లాగితే కుట్టు పక్కన గుడ్డే విడిపోతుంది. నా రేయాన్ గౌను పోయింది అక్కడే. అందుకే స్కర్టుకు రేయాన్, పైన కాటన్ అన్నది నా పద్ధతి. రేయాన్‌ను చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా టవల్‌లో చుట్టి నీళ్లు లాగేయాలి. పాలిస్టర్ ముడతలు పడదు, చవక, బొత్తిగా గాలాడదు. చెమట వాసన పట్టిందంటే ఉతికినా ఓ పట్టాన పోదు. వింటేజ్ ప్రింటు ఎంత బాగున్నా లేబుల్ చూశాకే ముందుకెళ్లండి. రంగుల్లో బూడిద రంగు, లేత నీలం చెమటను చాటి చెబుతాయి. తెలుపు, ముదురు నీలం, చిన్న పువ్వుల ప్రింటు దాచుతాయి. ఇంకో జాకెట్టు సంచిలో పెట్టుకోండి. మధ్యలో మార్చుకుంటే మీ పార్ట్‌నర్లకూ మర్యాదే.

నిజంగా ఆ కాలంలోనే కుట్టిన బట్టలు దొరికితే? నా దగ్గర ఒకటి ఉంది, అలమారలో భద్రంగా ఉంచాను. దాని కట్టింగ్ చూసి నేర్చుకోవడానికి, అదే కొలతలతో కొత్తది కుట్టించుకోవడానికి ఉపయోగపడుతుంది. ఎనభై ఏళ్లకు దారం పెళుసెక్కుతుంది, లాగుడు పడే చోట్ల గుడ్డ విడిపోతుంది. అది పాడైతే ఇంకోటి రాదు. క్లాసుకు దాన్ని వేసుకెళ్లడం నాకు మనసొప్పదు. ఇంకోటి, పాత లేబుల్ మీది సైజు నంబరుకూ ఇప్పటి నంబరుకూ పొంతన ఉండదు. ఛాతీ, నడుము, తుంటి టేపుతో కొలిచి చూడాల్సిందే.

బూట్ల దగ్గర మాత్రం రాజీ పడకండి. బట్ట సరిగా లేకపోతే చిరాకు వస్తుంది, సోల్ సరిగా లేకపోతే మోకాలు పోతుంది. రబ్బరు సోల్ చెక్క నేలను గట్టిగా పట్టేస్తుంది. మీరు తిరుగుతారు, పాదం తిరగదు, ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. తోలు సోల్ జారుతుంది కానీ పాలిష్ పెట్టిన నేల మీద కొత్తవాళ్లకు మరీ ఎక్కువ. రెండిటికీ మధ్యస్థంగా ఉండేది స్వెడ్, అంటే నూగు ఉన్న మెత్తటి తోలు. మామూలు కాన్వాస్ బూట్ల కింద చెప్పులు కుట్టే అతనితో స్వెడ్ అతికించుకున్న జత నా దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది. కాన్వాస్ బూట్లు స్వింగ్ కాలంలోనూ ఉన్నవే, కెడ్స్ అనే కాన్వాస్ బూట్లు 1916 నుంచీ వస్తున్నాయి, కాబట్టి వింటేజ్ రూపానికీ లోటు లేదు. పాదం ముందుభాగం మీద ఆని లోపలికీ బయటికీ తిప్పే స్వివెల్స్ చేసేటప్పుడు ఈ సోల్ విలువ తెలుస్తుంది. జారాల్సినంత జారి, ఆగాలనుకున్న చోట ఆగుతుంది. కొన్నాళ్లకు స్వెడ్ మీద దుమ్ము పేరుకుని నున్నగా అవుతుంది. ఇనప తీగల బ్రష్‌తో ఒకే వైపు గీకితే మళ్లీ నూగు లేస్తుంది. తడి నేల మీద నడవొద్దు, వీధిలోకి అసలే వద్దు. నేను సంచిలో తీసుకెళ్లి హాలులో మార్చుకుంటాను. పాదం మీద లేసో పట్టీయో ఉండాలి. హీల్ కావాలంటే అంగుళంన్నర దాటకుండా, లావుగా ఉన్నది చూసుకోండి. స్వింగ్‌లోనే ఇంకో రకమైన బాల్బోవా క్లాసుకు వెళ్లేవాళ్లకు కాస్త వేరే మాట: దానిలో జంట దగ్గరగా నిలబడి పాదాలు నేలకు రాస్తూ చేస్తారు, కాబట్టి తోలు సోల్ బాగా నప్పుతుంది.

గాజులు, పెద్ద ఉంగరాలు, చేతి గడియారం సంచిలో పెట్టేయండి. చేతులు పట్టుకునే డాన్సులో అవి గీసుకుంటాయి. జుట్టులో పువ్వు పెట్టుకుంటే రెండు పిన్నులతో బిగించండి. జేబులో ఫోను వద్దు, తిరిగినప్పుడల్లా తొడకు కొడుతుంది.

కొనేముందు ట్రయల్ రూములో నేను చేసేది ఇది. రెండు చేతులూ పైకెత్తి నడుము దగ్గర జాకెట్టు ఎంత లేచిందో చూస్తాను. చేతులు ముందుకు చాచి వీపు బిగుసుకుందేమో చూస్తాను. గొంతుకు కూర్చుని లేస్తాను. ఒక ట్రిపుల్ స్టెప్ (మూడు చిన్న అడుగులు), ఒక కిక్, ఒక చుట్టు. వీటిలో ఏ ఒక్కచోట చెయ్యి బట్ట సర్దుకోవడానికి వెళ్లినా ఆ బట్ట వెనక్కి వెళ్లిపోతుంది.

ఇప్పుడే చేరిన వాళ్లయితే అన్నీ ఒకేసారి కొనకండి. ముందు స్వెడ్ సోల్ బూట్లు, పైన మీ దగ్గరున్న టీషర్టు, కింద ఏదైనా లూజు ప్యాంటు, దానితో ఒకట్రెండు నెలలు గడిచిపోతాయి. ఆ లోపు మీరు లీడ్ చేస్తారో ఫాలో చేస్తారో, ఎంత చెమట పడుతుందో, పాటల వేగం ఎంతో మీకే తెలుస్తుంది. తర్వాత కలీల స్కర్టో ప్లీట్ల ప్యాంటో ఒకటి. జాకెట్టు చివరన, అది కూడా టైలరు దగ్గర కుట్టించుకుంటేనే మేలు, కొలతలు ఇచ్చేటప్పుడు చెయ్యి ఎత్తి చూపించి మరీ చంక కొలత తీసుకోమనండి.