మూడేళ్లుగా ఇంట్లోనే సినిమాలు: అమ్మ లేచి వెళ్లిపోయిందా లేదా అన్నదే మా రేటింగ్

మాది పర్లాకిమిడి. ఒడిశా గజపతి జిల్లా అన్నమాటే గానీ ఊరు దాటి నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో నేనూ అమ్మా తెలుగువాళ్లం, మా ఆవిడ ఒడియా, వాళ్లది బరంపురం అవతల. బాబు ఏడో తరగతి. వాడు తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం నా మొహం చూస్తాడు, ఎందుకంటే బడిలో వాడికి ఒడియా, ఇంగ్లిష్, హిందీ తప్ప తెలుగు లేదు. ఈ ఇంటి సంగతంతా ఎందుకంటే, మా నలుగురినీ ఒక సినిమా ముందు రెండు గంటలు కూర్చోబెట్టడం అంత తేలిక కాదు, నా అభిప్రాయాలన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

మూడేళ్ల క్రితం 43 అంగుళాల టీవీ కొన్నాను, నెట్ పెట్టించాను, రెండు ఓటీటీలకు డబ్బులు కడుతున్నాను. అంతకుముందు కొత్త సినిమా అంటే టెక్కలి వెళ్లడమే. షాపు మూసి, బస్సు పట్టుకుని, తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి. అమ్మ మోకాళ్ల నొప్పులతో అదీ ఆగిపోయింది.

ముందు టీవీ సంగతి. మొదటి ఆరు నెలలూ రిమోట్ చేతిలోంచి దింపలేదు. మాటలు వినిపించవు, సౌండ్ పెంచితే ఫైటు వచ్చి పక్కింటివాళ్లు లేస్తారు. టీవీ పాడైందనుకుని కొన్న షాపుకి ఫోన్ చేస్తే 'సౌండ్ బార్ కొనుక్కోండి' అన్నారు, వాళ్లకు అంతకంటే ఏం తెలుసు. అసలు సంగతేమిటంటే సినిమాకి శబ్దం కలిపేది థియేటర్లో చుట్టూ ఉండే స్పీకర్ల కోసం, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లోంచి వస్తాయి. మన టీవీకి ఉన్నవి రెండు చిన్న స్పీకర్లు, అన్నీ వాటిలోకే కుక్కేసరికి మాట అడుగున పడిపోతుంది. ఆడియో సెట్టింగుల్లోకి వెళ్లి సరౌండ్ తీసేసి స్టీరియో పెట్టాను, 'క్లియర్ వాయిస్' లాంటిది ఏదో ఉంటే అది ఆన్ చేశాను, సగం బాధ తీరింది. మీ ఇంట్లోనూ ఇదే గోల ఉంటే ముందు ఇది చేసి చూడండి, డబ్బులు ఖర్చు తర్వాత.

ఇక సినిమాలు. యాప్ తెరవగానే పైన సగంలో ఆపేసిన సినిమాల వరుస ఒకటి కనిపిస్తుంది కదా, ఒక్కో బొమ్మ కింద ఎర్ర గీతతో. నిన్న లెక్కపెట్టాను, పదిహేడు. ఎక్కువ వాటికి ఆ గీత నాలుగో వంతు దగ్గరే ఆగిపోయింది, అంటే సరిగ్గా అమ్మ 'ఏట్రా ఈ గోల' అని లేచి పప్పు చూడ్డానికి వెళ్లిపోయిన చోటు. పెద్ద హీరోల యాక్షన్ సినిమాలే ఎక్కువ అందులో. పుష్ప 2 కూడా మా ఇంట్లో మూడు రాత్రులు నడిచింది. మూడు గంటలు దాటిన సినిమా, షాపు మూసి వచ్చి అన్నం తిని తొమ్మిదిన్నరకు మొదలుపెడితే ఎలా అవుతుంది. జాతర సీను వస్తుండగా నీళ్ల మోటారు ఆపడానికి మేడెక్కాల్సి వచ్చింది, దిగేసరికి ఆ ఊపంతా పోయింది. అది సినిమా తప్పని నేననను. అలాంటివి జనం మధ్య చూడాల్సినవి, సోఫాలో కాదు.

బలగం మాత్రం వేరే కథ. 2023లో వచ్చినప్పుడు నేను పట్టించుకోలేదు, కమెడియన్ వేణు డైరెక్షన్ అంటే ఏదో కామెడీ అనుకున్నాను. తెలంగాణ పల్లె, ముసలాయన పోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు, ఎప్పుడో తిండి దగ్గర నల్లిబొక్క (మూలుగ ఉన్న మటన్ ఎముక) కోసం వచ్చిన పంతంతో విడిపోయిన వాళ్లంతా అక్కడ చేరతారు. అమ్మకి ఆ యాస మొదట్లో ఎక్కలేదు. 'బాపు బాపు అంటన్నారు, ఎవులురా ఆ బాపు?' అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ చెప్పేసింది, 'నాన్న అత్తయ్యా, మా బాపా లాగే' అని. ఒడియాలో నాన్నని బాపా అంటారు మరి. తెలంగాణ తెలుగుని మా అమ్మకి ఒడియా కోడలు విప్పి చెప్పిన రోజు అది, నాకైతే సినిమా కన్నా అదే బాగా గుర్తుండిపోయింది. ఆఖరున కాకి కోసం అందరూ పైకి చూస్తున్నప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న పోయినప్పుడు మహేంద్రతనయ నది ఒడ్డున మేమూ అలాగే గంటసేపు నిలబడ్డాం. అప్పట్నుంచి ఎవరొచ్చినా 'ఆ కాకి సినిమా ఎట్టరా' అంటుంది, పెడితే తను మాత్రం ఆ సీను దగ్గర వంటింట్లోకి పోతుంది.

మా ఆవిడకి నచ్చింది కేరాఫ్ కంచరపాలెం. 2018 సినిమా, మేం చూసింది చాలా ఆలస్యంగా. పెళ్లికాని అటెండరు రాజు, అదే ఆఫీసుకి అధికారిగా వచ్చిన రాధ, ఆవిడ ఒడిశా మనిషి, భర్త పోయిన మనిషి. ఇలాంటి పాత్రని తెలుగు సినిమాలో చూస్తానని మా ఆవిడ అనుకోలేదు. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే తను నావైపు చూసి నవ్వింది, పెళ్లైన కొత్తలో మా మాటలూ అంతే, సగం తెలుగు, సగం ఒడియా, మిగతాది చేతులు ఊపడం. అందులో చేసినవాళ్లు చాలామంది ఆ కంచరపాలెం మనుషులే, అందుకే ఎవరూ నటిస్తున్నట్టు ఉండదు. కొన్నిచోట్ల నెమ్మదిగా సాగుతుంది, ఓపిక పట్టండి, చివర్లో ఆ నాలుగు ప్రేమకథలూ ఏమవుతాయో ఎవరినీ అడక్కుండా చూడండి.

యాస గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. చిన్నప్పట్నుంచి సినిమాల్లో మా మాట వినిపించిందంటే అది వాచ్‌మేన్‌దో, పనిమనిషిదో, తన్నులు తినే కమెడియన్‌దో. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మాది, అలాంటి ఊళ్లో కూర్చుని ఇది చూస్తుంటే మండదా చెప్పండి. అందుకే పలాస 1978 చూసినప్పుడు నాకు సగం మార్కులు మాట దగ్గరే పడిపోయాయి. బరంపురం నుంచి రైలెక్కితే వచ్చే ఊరే కదా పలాస, జీడిపప్పు ఊరు. కులం గొడవని మొహమాటం లేకుండా చెప్పాడు. అయితే కొట్లాటలు మరీ పచ్చిగా ఉన్నాయి, బాబుని పక్క గదిలోకి పంపించి చూశాం, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

తండేల్ దగ్గర అమ్మ తీర్పు వేరే. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ వెళ్లి, అక్కణ్నుంచి వేటకి పోయి, 2018లో పాకిస్తాన్‌కి చిక్కిన సంగతి ఆధారంగా తీశారు. మా వైపు వాళ్లకి అది పేపర్లో చదివిన కథ కాదు, ఆ ఊళ్ల మనుషులు తెలుసు. నాగచైతన్య కష్టపడ్డాడు, కాదనను. అమ్మ మాత్రం పది నిమిషాలు విని 'ఈ గుంటడు మనోడు కాడ్రా, నేర్సుకుని మాటాడతన్నాడు' అనేసింది. అయినా లేచి వెళ్లలేదు, సాయిపల్లవి కోసం చివరిదాకా కూర్చుంది. సముద్రం, ఊరు, ఎదురుచూపులు ఉన్నంతసేపూ బాగుంది, పాకిస్తాన్ జైలుకి వెళ్లాక నాకు అలవాటైన సినిమా అయిపోయింది.

సంక్రాంతికి వస్తున్నాం 2025 మార్చి 1న టీవీలోనూ ఓటీటీలోనూ ఒకే సాయంత్రం వచ్చింది. అమ్మకి టీవీలో, యాడ్సుతో సహా చూడ్డమే ఇష్టం, యాడ్స్ వస్తే మధ్యలో పనులు చేసుకోవచ్చట. అందులో బుల్లిరాజు అనే పిల్లాడు ఓటీటీ చూసి చూసి బూతులు నేర్చుకుంటాడు. వాడు నోరు విప్పినప్పుడల్లా మా బాబు పడీపడీ నవ్వాడు, మా ఆవిడ నన్ను చూసింది. మర్నాడే పిల్లల ప్రొఫైల్‌కి పిన్ పెట్టించింది. ఆ పిన్ నాకు కూడా చెప్పలేదు.

లక్కీ భాస్కర్ ఒక్కటే నేను ఒంటరిగా చూసి మళ్లీ అందరితో చూసిన సినిమా. బ్యాంకు, బొంబాయి, షేర్లు, చెక్కులు, అర్థం కాకపోయినా టెన్షన్ అర్థమవుతుంది.

వారంలో ఒక రోజు మా ఆవిడది, ఒడియా సినిమా. దమన్ బాగుంది, 2022ది, మల్కన్‌గిరిలో దారీ తెన్నూ లేని ఊళ్లకి మలేరియా మందు తీసుకెళ్లే డాక్టరు కథ. అమ్మకి ఒడియా చదవడం రాదు, సంతలో బేరాలాడీ ఆడీ మాట మాత్రం వచ్చు, ఒక్క ముక్క వదలకుండా చూసింది.

కోపం తెప్పించేవి రెండు. ఒకటి, తెలుగు సినిమాకి సబ్‌టైటిల్స్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే, ఒడియా ఒక్కదానికీ కనపడలేదు. మా ఆవిడకి యాస అర్థం కాని చోట నేనే నడిచే సబ్‌టైటిల్‌ని. రెండు, మేం కడుతున్న వాటిలో ఒక ఓటీటీ చెప్పాపెట్టకుండా ఏడాది ప్లాన్ డబ్బులు మళ్లీ కోసేసుకుంది, ఫిర్యాదు పెడితే పన్నెండు రోజులకి 'మీ సహనానికి ధన్యవాదాలు' అని మెయిల్ వచ్చింది, డబ్బులు రాలేదు. ఆటో రెన్యూ ఆపేశాక గానీ నిద్ర పట్టలేదు.

ఆ ప్లాన్ ఎలాగూ ఉంది కాబట్టి మార్చి దాకా వాడతాం. తర్వాత ఒక్కటే ఉంచుదామంటోంది మా ఆవిడ. ఏది ఉంచాలో అమ్మని అడిగితే 'కాకి సినిమా దేన్లో వస్తే అది' అంది.